పాత బాక్సును మరువని లైను: రూటర్ మార్చాక ఇంట్లో నెట్ ఎందుకు ఆగుతుంది?

సారాంశం: రూటర్ మార్చిన తర్వాత నెట్ రాకపోతే కొత్త బాక్సులోనే లోపముందని భావించడం సహజం. అయితే తరచూ అడ్డుపడేది పాత బాక్సు తాలూకు గుర్తింపే. ఆ గుర్తింపు ఆపరేటర్ వద్దనున్న ఫైబర్ యంత్రంలోనూ, లాగిన్ సర్వర్‌లోనూ, ఇంట్లోని ఫోన్లు, టీవీలు, కెమెరాల్లోనూ నమోదై ఉంటుంది. ఈ మూడింటిలో కొత్త బాక్సును ఇంకా అంగీకరించనిది ఏదో బాక్సు మీది లైట్లను బట్టి, తెర మీద వచ్చే సందేశాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

శ్రీవారి దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయం, కాలేజీ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే చివరి రోజు, బెంగళూరు, చెన్నై కంపెనీలకు ఇంటి నుంచే పనిచేసేవారికి సోమవారం పొద్దున: తిరుపతిలో ఇంటి నెట్ ఎంత అవసరమో తెలిసివచ్చే సందర్భాలు ఇవి. పాతది మొరాయిస్తోందని ముందురోజు సాయంత్రమే కొత్త రూటర్ తెచ్చి బిగించుకున్న ఇంట్లో, ఫోన్ మీద వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూ దాని కింద ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని వస్తే, ఆ రెండు మాటలకూ పొంతన ఎక్కడుందో అర్థం కాదు. నిజానికి ఆ సందేశంలో వైరుధ్యమేమీ లేదు. ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య బంధం కుదిరిందని, రూటర్‌కూ బయటి లోకానికీ మధ్య ఇంకా కుదరలేదని మాత్రమే అది చెబుతోంది. ఆ రెండో భాగంలో ఒకటి కాదు, వరుసగా నాలుగైదు మెట్లు ఉన్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదే అసలు ప్రశ్న.

మార్చింది ఏ బాక్సును?

టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన రోజుల్లో మోడెమ్ ఒక్కటే ఉండేది. అప్పట్లో బీఎస్ఎన్ఎల్ కనెక్షన్‌కు కొత్త మోడెమ్ పెట్టుకున్నవారికి 0, 35 అనే రెండు అంకెలు గుర్తుండే ఉంటాయి. వాటిని సెట్టింగ్స్‌లో సరిగా నింపి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే పని అయిపోయేది. ఎక్స్ఛేంజ్‌లోని యంత్రం ఆ మోడెమ్ ఏ కంపెనీదో, దాని సీరియల్ నంబర్ ఏమిటో పట్టించుకునేది కాదు. బజారులో కొన్న ఏ మోడెమ్ అయినా పనిచేసేది.

ఫైబర్‌లో పరిస్థితి అది కాదు. స్తంభం మీద నుంచి మిద్దె అంచుకు వచ్చి, కిటికీ సందులోంచి లోపలికి దిగే సన్నని తీగలో ప్రవహించేది కాంతి. ఆ కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే బాక్సు ఒకటి (దీన్ని ఓఎన్‌యూ లేదా ఓఎన్‌టీ అంటారు), వచ్చిన నెట్‌ను ఇంట్లోని పరికరాలన్నిటికీ పంచే బాక్సు ఒకటి (ఇది రూటర్) ఉండాలి. కొన్ని ఇళ్లలో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి. చాలా ఇళ్లలో మాత్రం రెండు పనులూ ఒకే బాక్సు చేస్తుంది. వాడుకలో అందరూ దాన్ని కూడా రూటర్ అనే పిలుస్తారు, అయోమయానికి మొదటి కారణం ఈ పిలుపే. విడిగా ఉన్న రూటర్‌ను మార్చడం చెప్పు మార్చుకున్నంత తేలిక. ఫైబర్ నేరుగా దిగే బాక్సును మార్చడమంటే ఆపరేటర్ రికార్డుల్లో ఇంటి గుర్తింపునే మార్చడం. కొత్తగా తెచ్చిన బాక్సుకు ఫైబర్ తీగ పట్టే పోర్టు ఉందా, లేక నెట్‌వర్క్ కేబుల్ పట్టే చదరపు పోర్టులు మాత్రమే ఉన్నాయా అన్నది చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. ఫైబర్ పోర్టు లేని రూటర్ పాత ఓఎన్‌యూ లేకుండా పనిచేయదు. కొత్తది వచ్చింది గదా అని పాత బాక్సును విప్పి అటక మీద పెట్టేసి, తర్వాత ఫైబర్ తీగను ఎక్కడ గుచ్చాలో తెలియక నిలబడిపోయేవారు అరుదేమీ కాదు.

లైట్లు చెప్పే సంగతి

ఫైబర్ బాక్సు మీద సాధారణంగా ఉండే లైట్లలో రెండింటిని తప్పకుండా చూడాలి. ‘ఎల్ఓఎస్’ అని రాసి ఉన్న లైటు ఎర్రగా మినుకుమంటుంటే ఆ బాక్సుకు కాంతి అందడం లేదని అర్థం. ‘పీఓఎన్’ లైటు మినుకుమంటూ ఉంటే కాంతి అందుతోంది గానీ ఆపరేటర్ యంత్రం ఇంకా ఆమోదించలేదని, అది నిలకడగా వెలిగితే ఆమోదం దొరికిందని అర్థం. అంటే లోపం తీగలో ఉందా, నమోదులో ఉందా, ఆ తర్వాతి లాగిన్‌లో ఉందా అన్నది ఈ రెండు లైట్లే చాలావరకు తేల్చేస్తాయి.

నిన్నటిదాకా పనిచేసిన తీగకు బాక్సు మార్చగానే ఎర్ర లైటు ఎందుకు వస్తుంది? బాక్సు మార్చేటప్పుడు ఆ తీగను విప్పి, పక్కకు నెట్టి, మళ్లీ గుచ్చారు కాబట్టి. గాజు పోగు కొస మీద వేలు తగిలినా, దుమ్ము పడినా, గోడ మూలలో తీగ మరీ గట్టిగా మడతపడినా కాంతి నష్టపోతుంది. కనెక్టర్ల రంగు కూడా ముఖ్యమే. ఆకుపచ్చ కనెక్టర్ కొసను 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటారు, నీలం దానికి ఆ వాలు ఉండదు. పాత బాక్సుకు ఒక రంగు పోర్టు, కొత్తదానికి మరో రంగు పోర్టు ఉన్నప్పుడు బలవంతంగా గుచ్చితే రెండు గాజు ముఖాల మధ్య ఖాళీ మిగిలి, కాంతిలో కొంత అక్కడే చెదిరిపోతుంది. తీగ బిగిసింది గనుక సరిపోయిందనిపిస్తుంది, లోపల సరిపోలేదు.

ఈ నష్టం ఎందుకంత ప్రభావం చూపుతుందో తెలియాలంటే కాంతి ఎంత బలహీనంగా ఇంటికి చేరుతుందో చూడాలి. ఆపరేటర్ ఆఫీసులోని ఓఎల్‌టీ అనే యంత్రం నుంచి బయలుదేరిన ఒకే పోగును దారిలో స్ప్లిటర్ల ద్వారా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 64 పాయలుగా చీలినప్పుడు సుమారు 20 డెసిబెళ్ల నష్టం జరుగుతుంది, అంటే బయలుదేరిన కాంతిలో వందో వంతు మాత్రమే ఒక్కో ఇంటికి దక్కుతుంది. కిలోమీటరు దూరానికి జరిగే నష్టం అర డెసిబెల్ కూడా ఉండదు. దూరం కన్నా పంపకమే కాంతిని ఎక్కువగా తింటుందన్నమాట. వాడుకలో ఉన్న జీపీఓఎన్ (ఫైబర్ పద్ధతుల్లో ఒకటి) బాక్సులు సాధారణంగా మైనస్ 27 డీబీఎం వరకు పట్టుకోగలవు. డీబీఎం అన్నది కాంతి బలానికి కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి బలహీనమని అర్థం. బాక్సు సెట్టింగ్స్ పేజీలో ఈ అంకె కనిపిస్తుంది. మైనస్ 20 ప్రాంతంలో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 25 దగ్గర తచ్చాడుతుంటే, కార్తీక మాసపు ముసురులో బయటి జాయింటు నాని మరో రెండు మూడు డెసిబెళ్లు పోగానే లైను పడిపోతుంది. మూడు డెసిబెళ్లు తగ్గడమంటే కాంతి సగానికి పడిపోవడమే.

తీగ కొసను కంటితో చూసి కాంతి వస్తోందో లేదో తెలుసుకోవాలనుకోవడం వ్యర్థం, పైగా ప్రమాదం. ఇంటికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లది, ఇంటి నుంచి వెళ్లేది 1310 నానోమీటర్లది. రెండూ కంటికి కనిపించవు. టెక్నీషియన్ చేతిలోని పెన్ను లాంటి పరికరం వెదజల్లే ఎర్ర కాంతి వేరు, అది తీగ ఎక్కడ విరిగిందో చూడటానికి మాత్రమే.

కాంతి అందినా ఆమోదం దొరకకపోవడం

ఒకే పోగును పంచుకునే 64 ఇళ్ల బాక్సులూ తలోసారి తమ వంతు వచ్చినప్పుడే మాట్లాడాలి. ఎవరి వంతు ఎప్పుడో ఓఎల్‌టీ నిర్ణయిస్తుంది. పిలవని బాక్సు నోరు విప్పితే మిగతా 63 ఇళ్ల సంకేతాలూ చెడతాయి. అందుకే తన జాబితాలో లేని సీరియల్ నంబర్ ఎదురైతే ఓఎల్‌టీ దానికి వంతు కేటాయించదు. జీపీఓఎన్ బాక్సు సీరియల్ నంబర్‌లో తయారీదారును సూచించే నాలుగు అక్షరాలు, వాటి వెంట ఎనిమిది అంకెలు లేదా అక్షరాలు ఉంటాయి. కొత్త బాక్సుకు పీఓఎన్ లైటు గంటల తరబడి మినుకుమంటూనే ఉందంటే, ఆ నంబర్ ఇంకా జాబితాలోకి ఎక్కలేదని దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడే ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఉంది. తిరుపతి, చిత్తూరు వంటి పట్టణాల్లో ఇంటిదాకా తీగ లాగి, నెలనెలా డబ్బు వసూలు చేసేది చాలాచోట్ల స్థానిక కేబుల్ ఆపరేటరే. ఓఎల్‌టీలో సీరియల్ నంబర్ నమోదు చేసే అధికారం మాత్రం పై స్థాయి ఆఫీసు చేతిలో ఉండవచ్చు. ఇంటికి వచ్చిన కుర్రాడు తీగ తుడిచి, కొస కొత్తగా కోసి, మీటరు పెట్టి చూసి, “కాంతి బాగానే ఉంది సార్, ఆఫీసుకు చెప్తాను” అని వెళ్లిపోవడం వెనుక కారణం ఇదే. అతను పని తప్పించుకుంటున్నాడని అనుకోనక్కరలేదు, ఆ పని అతని చేతిలో లేదు.

బజారులో స్వయంగా కొన్న ఫైబర్ బాక్సుతో మరో సమస్య రావచ్చు. జీపీఓఎన్, ఈపీఓఎన్ అని రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది సీరియల్ నంబర్‌తో, రెండోది సాధారణంగా మ్యాక్ అడ్రస్ అనే పుట్టు గుర్తింపుతో బాక్సును గుర్తిస్తుంది. ఒకదాని బాక్సు మరొకదాని లైను మీద ఎన్నటికీ నమోదు కాదు, చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా సరే. ఎక్స్‌పీఓఎన్ అని రాసి ఉన్నవి మాత్రం లైనును బట్టి ఏదో ఒక పద్ధతికి మారగలవు. ఇక ఇంటర్నెట్‌తో పాటు టీవీ, ఫోన్ సేవలను కూడా కలిపి ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్లలో, నెట్ ఒక్కటే వచ్చేలా బాక్సు మారిస్తే మిగతా రెండూ ఆగిపోయే అవకాశముంది. ఆ సేవలకు కావలసిన సెట్టింగ్స్ ఆపరేటర్ ఇచ్చిన బాక్సులోనే ముందుగా పెట్టి ఉంటాయి గనుక, అటువంటి చోట పాత బాక్సును కదపకుండా దాని వెనుక కొత్త రూటర్‌ను తగిలించడమే మేలు.

లాగిన్: జవాబు రాకపోవడం వేరు, కాదనడం వేరు

పీఓఎన్ లైటు నిలకడగా ఉండి, ‘ఇంటర్నెట్’ లైటు వెలగకపోయినా, ఎర్రగా ఉన్నా సమస్య లాగిన్ దగ్గరికి వచ్చిందని అర్థం. మన ప్రాంతంలోని చాలా కనెక్షన్లలో లాగిన్‌కు వాడే పద్ధతి పీపీపీఓఈ. 1999లో వెలువడిన ఈ పద్ధతి టెలిఫోన్ మోడెమ్ కాలపు డయలింగ్‌ను కేబుల్ మీదికి తెచ్చింది. రూటర్ ముందుగా “అక్కడ సర్వర్ ఎవరైనా ఉన్నారా?” అని లైను మీద కేక వేస్తుంది. సర్వర్ బదులిచ్చాక యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పంపుతుంది. అవి సరిపోతే ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ రూటర్ చిరునామా) దొరుకుతుంది. ఈ రెండు దశల్లో ఏది విఫలమైందన్న దాని మీదే పరిష్కారం ఆధారపడి ఉంటుంది. అయినా ఫిర్యాదుల్లో రెండూ ‘నెట్ రావడం లేదు’ అన్న ఒకే మాటగా మిగిలిపోతాయి.

మొదటి కేకకే జవాబు రాకపోతే రూటర్ ‘టైమ్ అవుట్’ అనో, ‘నో రెస్పాన్స్’ అనో చూపుతుంది. విండోస్ కంప్యూటర్ నుంచి నేరుగా డయల్ చేస్తే 651 నంబర్ ఎర్రర్ వస్తుంది. దీనికి పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు. రూటర్‌కూ సర్వర్‌కూ మధ్య దారి కుదరలేదు. అందుకు తరచూ కారణమయ్యేది వీల్యాన్ నంబర్. ఒకే ఫైబర్ మీద నెట్, టీవీ, ఫోన్ సేవలను వేర్వేరు దారులుగా నడిపేందుకు ఆపరేటర్ ఒక్కోదానికి ఒక్కో నంబర్ ఇస్తాడు. పాత మోడెమ్ కాలపు 0, 35 చేసిన పనే ఇప్పుడు ఈ నంబర్ చేస్తోంది. కొత్త రూటర్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే కేక తప్పు వీధిలో వేసినట్టవుతుంది. వినేవారు ఉండరు.

సర్వర్ జవాబిచ్చి కాదంటే మాత్రం ‘ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వస్తుంది, విండోస్‌లో 691. పాస్‌వర్డ్ తప్పు కొట్టడం, ప్లాన్ గడువు తీరిపోవడం ఇందులో తేలికగా బయటపడే కారణాలు. వివరాలన్నీ సరిగ్గా ఉన్నా తిరస్కరణ వచ్చేందుకు మరో రెండు కారణాలున్నాయి, పాత బాక్సు జ్ఞాపకం అడ్డుపడేది ఇక్కడే.

ఒకటి, మిగిలిపోయిన పాత సెషన్. పాత రూటర్‌ను స్విచ్ ఆపి పీకేసినప్పుడు అది సర్వర్‌కు వెళ్లొస్తానని చెప్పదు. కరెంటు పోయినప్పుడు కూడా అంతే. సర్వర్ దృష్టిలో ఆ బాక్సు ఇంకా లైను మీదే ఉంది. కొంత వ్యవధికోసారి పలకరించి, వరుసగా కొన్నిసార్లు బదులు రాకపోతే గానీ సర్వర్ ఆ సెషన్‌ను మూసివేయదు. ఒక ఖాతాకు ఒకే సెషన్ అన్న నియమం ఉంటే, ఈలోగా అదే పేరుతో వచ్చిన కొత్త రూటర్‌ను గడప దగ్గరే ఆపేస్తుంది. పది పదిహేను నిమిషాలు కొత్త రూటర్‌ను ఆపి ఉంచి మళ్లీ వేస్తే చాలాసార్లు ఈ ముడి దానంతటదే వీడిపోతుంది. కంగారులో నిమిషానికోసారి ఆపి మళ్లీ వేయడం వల్ల ఉపయోగం లేకపోగా, కొన్ని సర్వర్లు వరుస విఫల ప్రయత్నాలను అనుమానించి కాసేపు ఆ లైనును పట్టించుకోవడం మానేస్తాయి.

రెండోది మ్యాక్ బైండింగ్. ప్రతి రూటర్‌కూ పుట్టుకతో వచ్చే 12 అక్షరాల గుర్తింపు మ్యాక్ అడ్రస్. ఒక ఖాతాను మరొకరు వాడకుండా ఆపరేటర్ ఆ ఖాతాను పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌తో ముడివేసి ఉంచుతాడు. కొత్త రూటర్ సరైన పాస్‌వర్డే చెప్పినా ముఖం వేరు గనుక లోపలికి రానివ్వడు. ఇది ఎంతసేపు వేచి ఉన్నా తీరదు. ఆపరేటర్‌తో ఆ ముడి తీయించాలి, లేదా కొత్త రూటర్ సెట్టింగ్స్‌లోని మ్యాక్ క్లోన్ అనే సదుపాయంతో పాత అడ్రస్‌నే దానికి ఇవ్వాలి. రెండో దారి ఎంచుకున్నవారు పాత రూటర్‌ను అదే నెట్‌వర్క్‌లో మళ్లీ వాడకూడదు. ఒకే అడ్రస్‌తో రెండు బాక్సులుంటే సమాచారం ఎటు పోవాలో తేలక రెండూ తడబడతాయి.

ఓఎన్‌యూ విడిగా ఉన్న ఇళ్లలో సందేహం తీరేందుకు ఒక పరీక్ష ఉంది. రూటర్‌ను పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా ఓఎన్‌యూకు కలిపి అక్కడి నుంచే డయల్ చేయాలి. అప్పుడు కూడా 651 వస్తే దారిలో, 691 వస్తే ఖాతాలో లోపముంది. నెట్ వచ్చేస్తే మాత్రం వెతకవలసింది కొత్త రూటర్‌లోనే.

రెండు రూటర్లు, ఒకే ఇంటి నంబర్

ఆపరేటర్ బాక్సు వెనుక సొంత రూటర్ తగిలించినప్పుడు వచ్చే చిక్కు వేరే రకం. ఆపరేటర్ బాక్సు తానే లాగిన్ అయి, తానే రూటర్‌గా పనిచేస్తూ ఉండవచ్చు. దాని అడ్రస్ 192.168.1.1 అయి, కొత్త రూటర్‌కూ కంపెనీ అదే అడ్రస్ పెట్టి పంపితే, కొత్త రూటర్‌కు బయటి వైపూ లోపలి వైపూ ఒకే వీధిగా కనిపిస్తాయి. సమాచారాన్ని ఎటు పంపాలో తేల్చుకోలేదు. కొన్ని రూటర్లు దీన్ని పసిగట్టి తమ అడ్రస్‌ను తామే మార్చుకుంటాయి. అలా మార్చుకోని వాటిలో లోపలి అడ్రస్‌ను 192.168.5.1 వంటిదానికి చేత్తో మార్చాలి.

అడ్రసులు వేరైనా, రెండూ రూటర్లుగా ఉన్నంతకాలం, లోపలి అడ్రస్‌ను బయటి అడ్రస్‌గా మార్చే పని రెండుసార్లు జరుగుతుంది. వీడియోలు, వాట్సాప్, బ్యాంకు సైట్లు చూసుకునేవారికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆన్‌లైన్ ఆటలు ఆడేవారికి, ఆఫీసు వీపీఎన్ వాడేవారిలో కొందరికి, ఊరికి వెళ్లినప్పుడు ఇంటి కెమెరాలను నేరుగా చూడాలనుకునేవారికి తెలిసివస్తుంది. పరిష్కారాలు రెండు. ఆపరేటర్ బాక్సును బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి నెట్‌ను అలాగే దాటించే తీరులో) పెట్టించి లాగిన్‌ను కొత్త రూటర్‌కు అప్పగించడం మొదటిది. కొత్త రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చి, వైఫై పంచే పని మాత్రమే దానికి వదలడం రెండోది. సొంత అవసరాలు ప్రత్యేకంగా లేని ఇంటికి రెండోదే సులువు, ఆపరేటర్‌ను అడగవలసిన పని కూడా ఉండదు.

కెమెరాల విషయంలో ఒక భ్రమ ఉంది. పాత రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపును ఇంట్లోని ఒక పరికరానికి చేర్చే సెట్టింగ్) పెట్టి లాడ్జి కెమెరాలను ఫోన్‌లో చూసుకున్నవారు, కొత్తదానిలో అవే నంబర్లు నింపినా పనిచేయకపోతే రూటర్‌నే తప్పుపడతారు. ముందుగా రూటర్ బయటి అడ్రస్ ఏమిటో చూడాలి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలవుతుంటే ఆ అడ్రస్ ఆ ఒక్క ఇంటిది కాదు. ఐపీవీ4 అనే పాత రకం ఐపీ అడ్రసుల కొరత వల్ల ఆపరేటర్లు వందలాది ఇళ్లను ఒకే బహిరంగ అడ్రస్ వెనుక నిలబెడతారు. అందుకోసమే 2012లో ఈ అంకెల వరుసను ప్రత్యేకించారు. ఆ స్థితిలో ఏ రూటర్ పెట్టినా బయటి నుంచి నేరుగా లోపలికి రావడం కుదరదు. స్టాటిక్ ఐపీ (ఆ ఇంటికే కేటాయించే మారని అడ్రస్) తీసుకోవాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ మీద ఆధారపడాలి.

కొన్ని సైట్లే తెరుచుకుంటే

లాగిన్ అయింది, వాట్సాప్ వస్తోంది, కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి, మరికొన్ని మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఇది మిగతావాటికన్నా ఎక్కువగా తికమకపెట్టే లోపం, ఎందుకంటే చూసేవారికి ఆ సైట్లే పనిచేయడం లేదనిపిస్తుంది. నెట్ మీద సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా (ప్యాకెట్లుగా) వెళ్తుంది. ఇందుకు ఒక కారణం ఆ పొట్లం పరిమాణం. ఈథర్‌నెట్ అనే కేబుల్ పద్ధతిలో ఒక పొట్లం 1500 బైట్ల వరకు ఉండవచ్చు. పీపీపీఓఈ తన చిరునామా కాగితం కోసం అందులో 8 బైట్లు తీసుకుంటుంది గనుక సరుకుకు మిగిలేది 1492. పాత రూటర్‌లో ఈ అంకె సరిగా ఉండి కొత్తదానిలో 1500 అని ఉంటే, చిన్న పొట్లాలు దాటిపోతాయి, నిండు పొట్లాలు దారిలో చిక్కుకుంటాయి. వాట్సాప్ సందేశం చిన్న పొట్లం. సురక్షిత లాగిన్ మొదలుపెట్టే సైటు పంపే ధ్రువపత్రాలు పెద్ద పొట్లాలు. ఎంటీయూ అనే గడిలో 1492 పెడితే ఇలాంటి సైట్లు వెంటనే తెరుచుకుంటాయి.

ఏ సైటూ పేరుతో తెరుచుకోక, 8.8.8.8 వంటి అంకెల అడ్రస్‌కు పింగ్ (జవాబు వస్తోందా అని చూసే చిన్న పలకరింపు) మాత్రం వెళ్తుంటే, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌లో లోపముంది. రూటర్‌లో వేరే డీఎన్ఎస్ అడ్రస్ ఇచ్చి చూడవచ్చు. ఫోన్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే రూటర్ నుంచి అడ్రసే అందలేదని, ఫోన్ తనకు తానే ఒకటి పెట్టుకుందని గ్రహించాలి.

ఇంట్లోని పరికరాల జ్ఞాపకం

కొత్త రూటర్‌కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా పెడితే ఇంట్లోని పరికరాలు దాదాపు అన్నీ వాటంతట అవే కలుస్తాయి. పేరు అదే ఉంచి పాస్‌వర్డ్ మార్చడం అన్నిటికన్నా చెడ్డ మార్గం. ప్రతి పరికరమూ పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నించి విఫలమవుతుంది, వాటిలో కొన్ని ఎందుకు విఫలమయ్యాయో కూడా చెప్పవు. అప్పుడు ఒక్కోదానిలో ఆ వైఫై పేరును మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలపాలి.

పేరు, పాస్‌వర్డ్ రెండూ సరిగా ఉన్నా గేటు కెమెరా, పాత ప్రింటర్, స్మార్ట్ బల్బు వంటివి కలవకపోతే రెండు విషయాలు చూడాలి. అటువంటి చవక పరికరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే తెలుసు. కొత్త రూటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరు కింద చూపినప్పుడు కొన్ని పరికరాలు తడబడతాయి. సెట్టింగ్స్‌లో రెండింటినీ వేర్వేరు పేర్లుగా విడదీస్తే తికమక తీరుతుంది. రెండోది భద్రతా పద్ధతి. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి మాత్రమే ఎంచుకుని ఉంటే అది తెలియని పాత పరికరాలు కలవలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక ఉంటే అదే పెట్టాలి.

అడ్డుగోడల ప్రభావం కూడా మారుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గానీ గోడలను దాటడంలో బలహీనం. గోవిందరాజస్వామి ఆలయ పరిసరాల్లోని మందపాటి గోడల పాత ఇళ్లలో, ముందు గదిలో పరుగులు తీసే నెట్ వంటింట్లోకి వచ్చేసరికి చతికిలపడటం రూటర్ లోపం కాదు.

అడాప్టర్, కేబుల్

చిన్నవిగా కనిపించే ఈ రెండింటి వల్ల పెద్ద అయోమయమే పుడుతుంది. కొత్త రూటర్‌కు దాని అడాప్టరే వాడాలి. పిన్ను సరిపోయింది గదా అని పాత అడాప్టర్ గుచ్చితే, 12 వోల్టులు కావలసినచోట 9 అందవచ్చు, లేదా వోల్టులు సరిపోయినా ఆంపియర్లు చాలకపోవచ్చు. అలాంటి రూటర్ లైట్లన్నీ వెలిగించుకుని, నాలుగు ఫోన్లు కలిసి వీడియో మొదలుపెట్టగానే దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. కరెంటు కోతల కోసం పాత రూటర్‌కు కొన్న చిన్న యూపీఎస్‌ను కొత్తదానికి వాడినా ఇదే జరగవచ్చు.

వేగం 94 ఎంబీపీఎస్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే, ప్లాన్ 200దైనా సరే, చూడవలసింది ఓఎన్‌యూకూ రూటర్‌కూ మధ్యనున్న కేబుల్‌ను. వంద దాటాలంటే ఆ కేబుల్‌లోని ఎనిమిది పోగులూ పనిచేయాలి. వాటిలో ఒకటి తెగినా రెండు బాక్సులూ మాట్లాడుకుని వంద దగ్గర సర్దుకుంటాయి. రూటర్ పోర్టే వంద వరకు ఉండే రకమైతే మాత్రం కేబుల్ మార్చినా లాభం లేదు.

పిడుగుల కాలంలో రూటర్ కాలిపోయి కొత్తది కొన్నవారికి మరో మాట. ఫైబర్ పోగు గాజు, అందులో విద్యుత్ పారదు. బాక్సును కాల్చింది గోడ ప్లగ్గు మీదుగానో, టీవీ బాక్సు నుంచి వచ్చిన కేబుల్ మీదుగానో వచ్చిన విద్యుత్తు. ఆ దారి అలాగే ఉంటే కొత్త బాక్సుకూ అదే ముప్పు. ఉరుములు మొదలవగానే ఫైబర్ తీగను కాకుండా అడాప్టర్‌ను, ఆ కేబుల్‌ను తీయాలి.

రీసెట్ బటన్ నొక్కే ముందు

పిన్నుతో నొక్కే ఆ చిన్న రంధ్రం సమస్యలకు సర్వరోగ నివారిణి అన్న నమ్మకం బలంగా ఉంది. ఆపి మళ్లీ వేయడం వేరు, రీసెట్ వేరు. మొదటిది బాక్సును నిద్రలేపుతుంది. రెండోది యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ సహా దాని జ్ఞాపకాన్నంతా చెరిపేస్తుంది. సొంతంగా కొన్న రూటర్‌ను రీసెట్ చేస్తే మళ్లీ నింపుకోవచ్చు. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ బాక్సును రీసెట్ చేస్తే, అందులోని వివరాలు ఇంట్లోవారి దగ్గర ఉండవు గనుక, పది నిమిషాల్లో తీరే సమస్య టెక్నీషియన్ వచ్చేదాకా సాగుతుంది. మార్చే ముందే పాత రూటర్ సెట్టింగ్స్ పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం ఒక్కటి చేస్తే, పైన చెప్పిన చిక్కుల్లో సగం ఎదురుకావు.

ఫిర్యాదు ఎలా చెప్పాలి

‘నెట్ రావడం లేదు’ అన్న ఫిర్యాదుకు వచ్చే మొదటి జవాబు ‘ఆపి మళ్లీ వేయండి’ అనే ఉంటుంది. ‘పీఓఎన్ లైటు నిలకడగా ఉంది, లాగిన్ తిరస్కరణ వస్తోంది, పాత సెషన్ తీసేసి మ్యాక్ బైండింగ్ మార్చండి’ అని చెబితే ఫిర్యాదు నేరుగా ఆ పని చేయగలవారి దగ్గరికి వెళ్తుంది. పీఓఎన్ మినుకుమంటుంటే కొత్త సీరియల్ నంబర్ ఇచ్చి నమోదు చేయమనాలి. ఎల్ఓఎస్ ఎర్రగా ఉంటే లైను మనిషిని పంపమనాలి. బాక్సు వెనుక స్టిక్కర్ ఫొటో పంపమని అడిగినప్పుడు, దాని మీద వైఫై, అడ్మిన్ పాస్‌వర్డులు కూడా అచ్చై ఉంటాయి గనుక, సీరియల్ నంబర్ ఉన్న భాగం మాత్రమే పంపడం మంచిది. ఫిర్యాదుకు డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు సంఖ్య) అడిగి తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఫిర్యాదు కేంద్రం వద్ద పరిష్కారం దొరకనివారు ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. అక్కడ అడిగేది ఆ నంబరునే.

నెట్ వచ్చాక పాత బాక్సును ఏం చేయాలన్నది మిగిలే చిన్న ప్రశ్న. అది డిపాజిట్ మీద ఆపరేటర్ ఇచ్చినదైతే వాపసు చేసి రసీదు తీసుకోవాలి. సొంతదైతే ఎవరికైనా ఇచ్చే ముందు రీసెట్ చేయాలి, ఆ బటన్‌కు సరైన సమయం ఇదే. చేయకుండా పై అంతస్తులో అద్దెకున్నవారికి ఇస్తే, వారు అదే ఆపరేటర్ లైనుకు తగిలించిన మరుక్షణం అది పాత యూజర్ నేమ్‌తో లాగిన్ కావచ్చు. మ్యాక్ బైండింగ్ లేని లైను మీద, కొత్త సెషన్ రాగానే పాతదాన్ని తెంచేసే సర్వర్ అయితే, కింది ఇంటి కొత్త రూటర్, పై ఇంటి పాత రూటర్ ఒకదాన్నొకటి తోసుకుంటూ రెండు ఇళ్లలోనూ కొన్ని నిమిషాలకోసారి నెట్ పోయి వస్తుంటుంది.